మేస్త్రీ తాడు కట్టకముందే

వినాయకుడు చెరువుకు వెళ్లిపోయాడు. పెత్రమాసకు ఇంకా పది రోజులుంది. పెద్దల పేరు చెప్పుకునే ఈ పక్షం రోజుల్లో ఎవరూ కొత్త పని ఎత్తుకోరు. ఇల్లు కట్టేవాళ్లు ముగ్గు పొయ్యరు, పెళ్లి మాటలు మాట్లాడేవాళ్లు తొందరపడరు. నాకు మాత్రం ఏడాది మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే రోజులు లేవు. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని మా ఇంటి చుట్టూ దడి వెంట ఒక్కసారి తిరిగొస్తాను. వానాకాలంలో ఏ మొక్క బతికింది, ఏది కుళ్లింది, ఏది పక్కదాన్ని మింగేసింది, అన్నీ చూసి నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఆ పుస్తకంలో కథలు ముందు నుంచి రాస్తాను, దడి లెక్కలు వెనక నుంచి. కొన్నేళ్లుగా రెండూ మధ్యలో ఢీకొంటున్నాయి!

ఈసారి ఆ నడక అంత నిశ్చింతగా సాగలేదు. దసరా వెళ్లగానే ప్రహరీ గోడ కట్టిద్దామంటున్నారు మావారు.

"ఎన్ని దినాలు ఈ కంప, ఈ దడి? పందులు దూరుతున్నయి, కోతులు దూరుతున్నయి" అన్నారు.

"కోతికి గోడ ఒక అడ్డమా?" అన్నాను నేను.

"కోతుల సంగతి వదిలెయ్. రేపు పక్కోళ్లు జాగ అమ్ముకున్నరనుకో, వచ్చేటోడు ఎట్లాంటోడో. హద్దు అన్నంక గోడ ఉండాలె."

దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటలో నిజముంది. మాక్లూర్ ఇప్పుడు మునుపటి ఊరు కాదు. నిజామాబాద్ పట్నం పెరుగుతూ పెరుగుతూ మా దిక్కుకే వస్తోంది. గజాల్లో మాట్లాడటం అందరికీ అలవాటైంది. కాకపోతే ఆయన గోడ అనుకున్న గీత ఎక్కడుందో నాకు తెలుసు. అది సరిగ్గా మా అమ్మ నందివర్ధనం మీదుగా పోతుంది.

మా పుట్టిల్లు బోధన్ పక్కన శక్కర్‌నగర్. నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. క్వార్టర్ ముందర, కిటికీల కింద మూరెడు వెడల్పు నేల ఉండేది. అదే అమ్మ తోట. చెరకు రసం వడగట్టగా మిగిలే మడ్డిని తెప్పించి, ఓ మూల కుప్పేసి బాగా మాగనిచ్చి, వాన తగ్గినాక మొక్కల మొదళ్లలో వేసేది. పచ్చి మడ్డి వేస్తే ఆ వేడికి వేళ్లు మాడిపోతాయని పదిసార్లు చెప్పేది. "మనది కాని ఇంటికి ఇంత కష్టం దేనికమ్మా?" అని అడిగితే, "ఇది క్వార్టరని పువ్వుకు తెలుస్తదా?" అనేది.

1937లో పుట్టిన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. మేం అంతకు చాలా ముందే, నాన్న రిటైరైనప్పుడే క్వార్టర్ ఖాళీ చేశాం. ఆ రోజు లారీలోకి అమ్మ అన్నిటికంటే ముందు ఎక్కించింది తడి గోనెలో చుట్టిన నాలుగు కొమ్మలు. బీరువా తర్వాత ఎక్కింది. ఆ కొమ్మల్లో ఒకటి నా పెళ్లయ్యాక మాక్లూర్ వచ్చింది. అమ్మ ఇప్పుడు లేదు. నందివర్ధనం ఉంది. రోజూ పొద్దున పూజకు డజను పూలిస్తుంది.

సరే, గోడ మాట తర్వాత. ముందు నా చుట్టుతిరుగుడు లెక్క చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటివే ఉండి ఉంటాయి.

రోడ్డు వైపు అంచున బంతి వేశాను. ఏపుగా పెరిగింది, మొగ్గ మాత్రం ఇంకా ఆవగింజంతే ఉంది. తప్పు బంతిది కాదు, నాది. బంతి నారు పోసిన రోజు నుంచి పువ్వు కోసే రోజుకు సుమారు రెండు నెలలు పడుతుంది. మనమేమో ఇంగ్లీషు క్యాలెండర్ చూసి ప్రతి ఏడూ ఒకే తేదీకి నారు పోస్తాం. బతుకమ్మ మాత్రం పంచాంగం ప్రకారం వస్తుంది. 2023లో అధిక శ్రావణం పడి ఎంగిలిపూలు అక్టోబరు 14న వచ్చాయి. 2025లో సెప్టెంబరు 21నే వచ్చేశాయి. మూడు వారాలు తేడా! అందుకే ఈసారి పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: ఆషాఢ అమావాస్యకు బంతి నారు పొయ్యాలి. అక్కడి నుంచి భాద్రపద అమావాస్యకు రెండు చాంద్రమాన మాసాలు. నడుమ అధిక మాసం వచ్చిందా, నారు కూడా దానితోపాటే వెనక్కి జరగాలి. మన పూర్వీకులకు ఈ లెక్క నోటికి వచ్చేదేమో! నాకు మాత్రం రెండేళ్లు పండుగకు బంతి కొనుక్కుంటే గానీ రాలేదు.

బంతి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. అది మనదే అనుకుంటాం గానీ, దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్లు నవంబరు మొదటి రెండు రోజుల్లో, పోయిన పెద్దలు ఇంటికి వస్తారని నమ్మి బంతిపూలు పరిచి బాట వేస్తారు. మనకేమో పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడే బతుకమ్మ మొదలవుతుంది. సముద్రాలకు అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు ఒకే పువ్వుతో పెద్దలను తలుచుకుంటున్నారంటే ముచ్చటేస్తుంది కదా! కూరగాయల మడికి కూడా బంతి మంచి కాపలాదారు. టమాటలో కాయతొలిచే పురుగు తల్లిపురుగు బంతి మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అందుకే 16 వరుసల టమాటకు ఒక వరుస బంతి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. బంతి మొగ్గల మీద పురుగు కనబడితే అక్కడే ఏరేయొచ్చు. దాని వేరు మట్టిలోని నులిపురుగులను కూడా తగ్గిస్తుంది.

బంతి పక్కనే చామంతి. దీని కథ ఇంకా చిత్రం. రెండేళ్లుగా రోడ్డు వైపు చామంతి ఆకులే తప్ప పువ్వు చూపించలేదు. ఎరువేశాను, తిట్టాను, బతిమాలాను. పెరట్లో చీకటి మూలన పారేసిన పిలకలు మాత్రం కార్తీకానికి విరగబూశాయి. తర్వాత తెలిసింది. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడుగు కావాలి. మా ఇంటి ముందు స్తంభానికి కొత్తగా తెల్లటి లైటు పడింది. రాత్రంతా ఆ వెలుతురు మీద పడితే చామంతికి ఇంకా ఎండాకాలమే అనిపిస్తుందట! పూలను ఆలస్యం చేయాలనుకున్న పెద్ద రైతులు తోటలో కావాలనే రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారట. అది మనకు తెలియక, మొక్క గొడ్డుదని పీకేస్తాం. వెలుతురు తప్పు మొక్క మీద పెట్టడం... ఆడవాళ్లకు ఈ మాట ఇంకా విడమరిచి చెప్పాలా? ఈ ఏడు చామంతి పెరట్లోకి మారుతుంది. లైటు కింద నందివర్ధనం, మందారం ఉంటాయి. వాటికి రాత్రి వెలుతురుతో పెద్ద పేచీ లేదు.

ఉత్తరం వైపు అంచు పల్లం. మా నల్లరేగడిలో నీళ్లు నిలిచాయంటే పది రోజులైనా ఇంకవు. మూడేళ్లు వరసగా అక్కడ గులాబీలు పెట్టి, మూడేళ్లూ కుళ్లబెట్టుకున్నాను. ఈసారి పంతం వదిలేశాను. నీళ్లు ఇష్టపడేవాటికే ఆ జాగా. మెట్టతామర, చామదుంప, ఒక అరటి. వంటింటి నీళ్లు కూడా అటే పోతాయి, వాటికి పండగే. నేల చెప్పినట్టు మనం వినడమా, మనం చెప్పినట్టు నేల వినడమా? మూడు గులాబీలు పోయాక నేను నేల పక్షం చేరాను.

పడమటి అంచు ఎండకు మాడే చోటు. ఇల్లు కట్టినప్పటి కంకర, ఇటుక ముక్కలు అక్కడే పడున్నాయి. ఏమీ రాదని వదిలేశాను. ఎవరూ నాటకుండానే ఒక తంగేడు మొలిచింది! తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు మనమంతా సంతోషపడ్డాం. మరి మన ఇంటి అంచున ఒక్క తంగేడైనా ఉందా? ఎవరో గుట్టల వెంట తిరిగి కొమ్మలు విరుచుకొస్తే కొనుక్కుంటున్నాం. అందరూ విరిచేవాళ్లే, గింజ వేసేవాళ్లు ఎవరు? తంగేడు గింజకు పెంకు గట్టి. వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, నాటే చోటే నేరుగా వేయాలి. తర్వాత అది నీళ్లు కూడా పెద్దగా అడగదు.

గునుగు సంగతి ఇంకా దిగులు. నా చిన్నప్పుడు మక్కచేన్లలో, పెసరచేన్లలో దాన్ని కలుపు అని తిట్టుకుంటూనే పండుగకు ఒడినిండా కోసుకొచ్చేవాళ్లం. ఇప్పుడు చేన్లకు కలుపు మందులు కొడుతున్నారు. కూలీలు దొరకని రైతును తప్పుపట్టలేం. కానీ పండుగ పూట కట్టకింత అని బేరం చేస్తున్నప్పుడు, రెండు తెల్ల కంకులు ఎక్కువ వేయమని నేను బతిమాలుతున్నప్పుడు, సిగ్గేస్తుంది. గునుగు అడిగేది ఏముంది? అంచున ఒక బారెడు నేల. పండుగ తర్వాత రెండు మూడు కంకులు కొయ్యకుండా వదిలేస్తే ముదిరి ఎండుతాయి. కాగితం మీద దులిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. వచ్చే వానకు చల్లితే చాలు.

ఇంగ్లండ్‌లో గెర్ట్రూడ్ జెకిల్ అనే ఆవిడ ఉండేది (1843-1932). బొమ్మలు వేయడం నేర్చుకుంది. చూపు మందగించి కుంచె పక్కనబెట్టి, తోటల మీద పడింది. ఇంటి అంచుల్లో పూలమొక్కలను రంగుల వరసన పేర్చడంలో ఆమెకు ప్రపంచమంతా పేరొచ్చింది. లేత రంగులు రెండు కొసల్లో, మండే ఎరుపు, నారింజ నడుమ. 1908లో దాని మీద పుస్తకమే రాసింది. చదివినప్పుడు నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. తాంబాలంలో గుమ్మడాకు పరిచి, ఒక చుట్టు తంగేడు పసుపు, ఒక చుట్టు రంగులద్దిన గునుగు, ఒక చుట్టు బంతి, నడుమ సీతజడ ఎరుపు... ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో అత్తమ్మ ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఆమె చేసేదీ అదే విద్య. పుస్తకం రాయలేదు, అంతే తేడా.

ఇక మిగిలింది దక్షిణం వైపు అంచు. పక్కింటి వదినెకూ మాకూ నడుమ ఉన్న దడి. 40 అడుగుల పొడుగున గోరింట, అడ్డసరం, నడుమ అమ్మ నందివర్ధనం. గోరింట ఆషాఢానికి రెండిళ్ల పిల్లల చేతులు పండిస్తుంది. దగ్గొస్తే అడ్డసరం ఆకు కోస్తాం. ఆ దడి సందులోంచి కరివేపాకు అటు పోతుంది, పచ్చిమిరపకాయలు ఇటు వస్తాయి. ఒక్కోసారి కన్నీళ్లు కూడా. ఆమె పెద్దబిడ్డ సంసారం చెడి ఇంటికొచ్చినప్పుడు మా వదినె మొదట ఆ మాట చెప్పింది ఆ దడి పక్కన నిలబడే. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి. చేతిలో ఏదో కోస్తూ, ఎదుటి మనిషి మొహం చూడకుండా చెబుతాం.

గోడ అక్కడే పడుతుంది.

నిజం చెప్పాలంటే నాకు కోపం రావలసింది మావారి మీద కాదు. ఆరేడేళ్ల కిందట వాకిలంతా సిమెంటు చేయించాం. కొలతలు వేసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. మగవాళ్లు టేపు పట్టుకుని మాట్లాడుతుంటే అందరికీ చాయ్ ఇచ్చాను. పారిజాతం మొదలు చుట్టూ రెండడుగులు వదలమని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. డబ్బుల లెక్క నడుస్తున్నప్పుడు పూల మాట ఎత్తితే నవ్వుతారేమోనని. సిమెంటు కాండం దాకా వచ్చింది. రెండేళ్లలో పారిజాతం ఎండిపోయింది. నేను చాన్నాళ్లు మేస్త్రీని తిట్టుకున్నాను. పాపం, అతనికి ఎవరు చెప్పారు కనుక? డిగ్రీ చదివాను, కథల్లో ఆడవాళ్ల చేత పెద్దపెద్ద మాటలు అనిపిస్తాను. నా వాకిట్లో రెండడుగుల నేల అడగడానికి నోరు రాలేదు.

మనలో చాలామంది ఇంతే కదూ! ఇంటి పట్టా ఎవరి పేరున ఉన్నా, ఆ అంచుకు నీళ్లు పోసేది మనం. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ మూల మధ్యాహ్నం ఎండ కొడుతుందో, పాము ఏ సందులోంచి వస్తుందో మనకే తెలుసు. కానీ ఆ తెలిసింది ఎప్పుడూ కాగితం మీదికి ఎక్కదు. కాగితం మీద లేనిది కొలతలో ఉండదు. కొలతలో లేనిదాని మీద గోడ లేస్తుంది.

అందుకే ఈసారి పెత్రమాస రాకముందే కూర్చుని మా ఇంటి బొమ్మ గీశాను. మా అబ్బాయి స్కేలు, పెన్సిలు అరువు తీసుకుని. నాలుగు అంచులు, నీళ్లు పోయే దారి, ఎండ, నీడ, ఉన్న మొక్కలు, రావాల్సినవి. రాత్రి అన్నాలయ్యాక మావారి ముందు పెట్టాను. మూడు వైపులా గోడ కట్టండి, అభ్యంతరం లేదు, లోపల రెండడుగులు మాత్రం మట్టిగా వదలండి అన్నాను. నాలుగో వైపు, వదినె వాళ్లతో కూర్చుని రెండు కొసలా హద్దురాళ్లు పాతి, కొలతలు కాగితం మీద రాసి రెండిళ్లవాళ్లం సంతకాలు పెట్టుకుందాం. రేపు ఎవరు వచ్చినా హద్దు చెప్పడానికి అది చాలదా? దడి అట్లాగే ఉండనివ్వండి.

ఆయన ముందు నవ్వారు. తర్వాత లెక్క వేశారు. "మూడు దిక్కుల రెండడుగుల లెక్కన వదిలితే ఎన్ని గజాలో తెలుసా? గజం ధర ఎంతుందో తెలుసా?"

"జాగ ఎక్కడికి పోతుంది? మన గోడ లోపలే ఉంటది. సిమెంటు ఖర్చు తగ్గుతది" అన్నాను.

బొమ్మ వైపు చాలాసేపు చూశారు. నీళ్లు ఉత్తరం దిక్కు పోతాయన్న సంగతి, అక్కడ గోడకు కింద తూము పెట్టకపోతే నీళ్లన్నీ పునాదిలోకే దిగుతాయన్న సంగతి ఆయన ఆలోచించలేదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గోడలు పగిలేది అందుకే. "ఇది ముందే చెప్పొద్దా?" అన్నారు. చివరికి "చూద్దాం" అన్నారు. మన ఇళ్లలో "చూద్దాం" అంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం కోసం పండుగ లోపు ఇంకోసారి మాట్లాడాలి. వదినెకు అప్పుడే చెప్పాను, ఆమె తన ఇంట్లో మాట్లాడుతోంది.

మీ ఇంట్లోనూ దసరా తర్వాత గోడ మాటో, సిమెంటు మాటో ఉంటే ఈ పది రోజులు వాడుకోండి. ఒకసారి ఇంటి చుట్టూ తిరగండి. తెల్లకాగితం మీద బొమ్మ గీయండి, వంకరగా వచ్చినా సరే. గోడ మొదట్లో మట్టి వదిలినచోట మేస్త్రీలు సున్నం, సిమెంటు పారబోస్తారు. ఆ మట్టిలో మొక్క ఆకు పసుపెక్కి గిడసబారుతుంది. జానెడు లోతు తీసేయించి చెరువు మట్టి, మాగిన ఎరువు నింపాలి. ఎండ కొట్టే గోడ వైపు తంగేడు, గన్నేరు. నీడ వైపు చామ, తమలపాకు తీగ. చామంతిని చీకటికి మార్చండి. గునుగు కంకులు రెండు గింజకు వదలండి. దేవుడి ఒత్తులకు ఒక్క పత్తి చెట్టు ఉంటే కార్తీకానికి దూది కొనక్కర్లేదు. పీకేయక తప్పని పాత చెట్టుంటే, వానలు పూర్తిగా వెనకబట్టకముందే కొమ్మలు కట్ చేసి నాటుకోండి. సుమారుగా అక్టోబరు నడిమికి నైరుతి వానలు మన జిల్లా దాటిపోతాయి. ఆ తర్వాత కొమ్మ అంటుకోవడం కష్టం.

అన్నట్టు, నేనూ నిన్న ఆ పని చేశాను. మావారి మాట మీద నమ్మకం లేక కాదు. అమ్మ అలవాటు, అంతే. నందివర్ధనం కొమ్మలు ఆరు కోసి, తడి గోనె పరిచి, మాగిన మట్టి నింపిన సంచుల్లో పెట్టాను. వదినె దడి అవతల నుంచి చూసి, "రెండు నాకియ్యి చెల్లే" అంది.

ఇచ్చాను. దడి ఉన్నా, గోడ లేచినా, అమ్మ పువ్వు ఇప్పుడు రెండు దిక్కులా ఉంటుంది.